గైడ్స్ క్యాంపులో ‘యాదులు’: ఎట్లా చేయాలి, ఎట్లా మార్చుకోవాలి

మీ స్కూలు పిల్లలను గైడ్స్ (స్కౌట్స్‌లో ఆడపిల్లల విభాగం) క్యాంపుకు తీసుకుపోతున్నారా? అయితే సామాన్ల లిస్టులో ప్లేటు, గ్లాసు, దుప్పటి, టార్చిలైటు, తాడు రాసుకున్నాక కింద ఇంకో వరుస కలపండి: ఒక్కో అమ్మాయి తన చేత్తో చేసి పిన్నీసుకు కుట్టిన చిన్న వస్తువులు, 15. మా కంపెనీ (గైడ్స్‌లో ఒక స్కూలు దళాన్ని కంపెనీ అంటారు) పిల్లలు వీటిని ‘యాదులు’ అంటారు. గుర్తు అనే మాట కన్నా ఇదే మన నోటికి దగ్గర. బొటనవేలంత నుంచి రెండు వేళ్ల వెడల్పు దాకా ఉండే పువ్వో, బొమ్మో, నేసిన ముక్కో. అవతలి ఊరి అమ్మాయికి ఒకటి ఇచ్చి, ఆమె చేసినది ఒకటి తీసుకోవాలి. జరిగేది అంతే.

అమెరికాలో గర్ల్ స్కౌట్స్ దీన్ని ‘స్వాప్స్’ అంటారు. టోపీలకు, చొక్కాలకు గుచ్చుకుని తిరుగుతారు. మన దగ్గర జంబోరీలకు, అంటే స్కౌట్స్, గైడ్స్ పెద్ద మేళాలకు పోయిన పిల్లలు బ్యాడ్జీలు, స్కార్ఫులు మార్చుకోవడం మీరు చూసే ఉంటారు. బ్యాడ్జీ అయితే కొనాలి. ఒక్క బ్యాడ్జీ ఇచ్చాక రెండోది ఉండదు. చేత్తో చేసినదానికి ఆ బాధ లేదు.

నేను హనుమకొండ వైపు ఒక హైస్కూల్లో గైడ్ కెప్టెన్‌ని, అంటే కంపెనీని నడిపే టీచర్‌ని. క్యాంపుకు పోయిన ప్రతిసారీ మొదటి సాయంత్రం ఒకే తీరు కనిపిస్తుంది. ములుగు పిల్లలు ఒక చెట్టు కింద, జనగామ పిల్లలు ఒక చెట్టు కింద, భూపాలపల్లి పిల్లలు వరండా మెట్ల మీద. ఎవరి గుంపు వాళ్లదే. చివరి రోజు బస్సెక్కేటప్పుడు మాత్రం ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడుస్తారు. ఆ ఏడ్చే స్నేహం మూడో రోజు కాకుండా రెండో రోజే మొదలైతే ఒక రోజు మిగులుతుంది కదా. కొత్త అమ్మాయితో మాట కలపాలంటే సిగ్గుపడే పిల్లకు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. యాది అందుకే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఎందుకు చెప్తున్నానో తెలుస్తుంది.

ముందు లెక్క

క్యాంపులో 60 మంది ఉంటే 60 చేయాలని పిల్లలు ఉత్సాహపడతారు. చేయనివ్వకండి. అరవై చేసిన పిల్ల ఆఖరి ఇరవై విసుగుతో చేస్తుంది, ఇచ్చేటప్పుడు కరపత్రాలు పంచినట్టు పంచుతుంది. 12 చాలు. పన్నెండు మందితో రెండేసి నిమిషాలు మాట్లాడితే అరగంట దాకా పడుతుంది, అంతకు మించి పిల్లలు నిలబడలేరు. పన్నెండుకు ఇంకో రెండు కలపండి, అవి బుట్టలోకి (ఆ బుట్ట సంగతి తర్వాత చెప్తాను). ఒకటి తన దగ్గర దాచుకోవడానికి. మొత్తం 15.

చేయి తిరిగాక ఒక్కోదానికి 20 నిమిషాలు అనుకోండి. పదిహేనుకు 5 గంటలు. మేం వారానికి ఒకసారి కంపెనీ మీటింగులో గంటన్నర దీనికే పెడతాం, నాలుగు వారాల్లో అయిపోతుంది. క్యాంపు తేదీ చేతికి రాగానే మొదలుపెట్టండి. ముందు రాత్రి చేయించినవి దారిలోనే ఊడిపోతాయి.

పెట్రోల్ వారీగా, అంటే కంపెనీలోని చిన్న జట్ల వారీగా కూర్చోబెట్టండి. ఆరుగురో ఎనిమిది మందో ఉన్న పెట్రోల్ ఒకే రకం యాది చేస్తే సామాను పంచుకోవచ్చు, పెట్రోల్ లీడర్ చిన్నవాళ్లకు నేర్పుతుంది. ఒకే రకమైనా ఏ ఇద్దరివీ ఒక్కలా రావు. ఒకరి కుట్టు దగ్గరగా ఉంటుంది, ఒకరిది దూరంగా. సరిచేయకండి. టీచర్ చేయి పడితే అది టీచర్ యాది అవుతుంది.

ఏం చేయాలి

పిల్లలను “ఏం చేద్దాం?” అని అడిగితే ఫోన్లో చూసిన గుడ్లగూబలు, కప్‌కేకులు చెప్తారు. “మీ ఊళ్లో ఏముంది? దాన్ని చూడని పిల్లకు ఎట్లా చెప్తవ్?” అని అడగండి. అప్పుడు జవాబులు మారతాయి.

పాలంపేట దగ్గరి నుంచి వచ్చిన పిల్లలు ఒకసారి ‘తేలే ఇటుక’ చేసి తెచ్చారు. రామప్ప గోపురంలో నీళ్ల మీద తేలేంత తేలిక ఇటుకలు వాడారు కదా, అందుకని బెండు ముక్కను అగ్గిపెట్టెలో సగమంత కోసి, ఎర్రమట్టి రంగు పూసి, దారం కట్టారు. ఇచ్చేటప్పుడు గ్లాసులో నీళ్లు పోసి తేల్చి మరీ చూపించారు. 1213లో కట్టడం మొదలైన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి అని పాఠంలో చదివినప్పుడు తల ఊపి ఊరుకున్న పిల్లలే ఆ గ్లాసు చుట్టూ గుమిగూడారు.

చేర్యాల వైపు పిల్లలైతే ఎర్రటి నేల మీద బొమ్మలు. అక్కడ కథలు చెప్పడానికి గీసే నకాశీ పటాల్లో వెనక అంతా ఎరుపే ఉంటుంది. లగ్గం కార్డు వెనకవైపు 3 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు ముక్క కోసి, ఎర్ర రంగు వేసి ఆరాక, గొర్రెల కాపరినో కుండ ఎత్తుకున్న ఆమెనో గీయించండి. దేవుళ్ల బొమ్మలు వద్దంటాను. కింద పడతాయి, కాలికి తగులుతాయి, ఇంట్లో పెద్దవాళ్లు బాధపడతారు.

మిర్చి యార్డు చూసి పెరిగిన పిల్లలకు చపాట మిరప బాగుంటుంది. టమాటలా గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది కనుక ఎర్ర బట్టలో దూది కూరి, పైన ఆకుపచ్చ దారంతో తొడిమ కడితే సరిపోతుంది. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చీటీ మీద ఒక మాట రాయించండి. నిజం ఎండుమిర్చి మాత్రం కట్టనివ్వకండి, పట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటారు.

స్టాంపు వేయడం అన్నింటికన్నా తేలిక. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్ది అట్ట మీద ఒత్తితే అచ్చం పువ్వే. కాకతీయ తోరణం కత్తిరించి చేద్దామని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు. అందంగానే ఉంటుంది, కానీ ఆ సన్నటి కొమ్మలు సంచిలో నలిగి మొదటి రోజే విరుగుతాయి. తోరణం కావాలంటే పాత రబ్బరు మీద చెక్కి స్టాంపు చేసుకోవడమే మంచిది.

గునుగు పువ్వుకు పెద్దగా పని అక్కర్లేదు. ఎండినా రాలదు, రూపు చెడదు. బతుకమ్మ పండుగ రోజుల్లో కోసుకొచ్చినవి నాలుగు నీడన తలకిందులుగా వేలాడదీసి పెట్టండి. చలికాలం క్యాంపుకు ఒక్కో పువ్వును రంగు దారంతో చుట్టి పిన్నీసుకు కడితే అదే యాది. రెండో క్లాసు పిల్ల కూడా చేయగలదు.

వద్దనేవి కూడా చెప్పాలి. గురివింద గింజలు అసలే వద్దు. ఎర్రగా, మీద నల్లచుక్కతో పూసల్లా మెరుస్తాయి, గుట్టల్లో దొరుకుతాయి, పిల్లలు జేబులు నింపుకొస్తారు. ఆ గింజ లోపల ఉన్నది విషం. సూదితో గుచ్చి దారం ఎక్కించేటప్పుడు, పగిలినప్పుడు, చిన్నపిల్ల నోట్లో పెట్టి నమిలినప్పుడు ప్రమాదం. గింజ కావాలంటే కుంకుడు గింజలు తీసుకోండి, నల్లగా గుండ్రంగా బాగుంటాయి. కానీ గట్టివి, రంధ్రం పెద్దవాళ్లే వేయాలి. పక్షి ఈకలు వద్దు. పాలపిట్ట ఈక దొరికిందని తెస్తారు, మెచ్చుకుని అక్కడే పెట్టి రమ్మనండి. తినేవి వద్దు. మేడారం జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు కదా, అటువైపు పిల్లలు బంగారం ఇస్తామని నిజం బెల్లం ముక్కలు కాగితంలో చుట్టి తెచ్చారు ఒకసారి. తెల్లారేసరికి టెంటు నిండా చీమలు. పసుపు బట్టలో చెక్కముక్క చుట్టితే బంగారం లాగే ఉంటుంది.

సామాను

నా దగ్గర ఒక్కటే కట్టుబాటు ఉంది: పిన్నీసులు, ఫెవికాల్, సూదులు తప్ప ఏదీ కొనకూడదు. అవి కూడా కంపెనీ డబ్బుతో నేనే కొంటాను. మెరుపు పూసలు, రిబ్బన్లు దుకాణంలో కొనుక్కొచ్చే స్తోమత కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఒకసారి తేడా కనబడిందంటే పిల్లలు యాదులను చూడరు, ధరలను చూస్తారు. అప్పుడు ఇదంతా ఎందుకు?

దర్జీ దగ్గరికి పోయి అడగండి, జాకెట్ లైనింగు ముక్కలు సంచి నిండా ఇస్తాడు. పాత లగ్గం కార్డులు ప్రతి ఇంట్లో ఉంటాయి. స్వెటర్ అల్లగా మిగిలిన ఊలు, సోడా మూతలు, ఊడిన గుండీలు, నోటు పుస్తకాల అట్టలు. పిల్లలందరూ తెచ్చినవి ఒక్క చోట కుప్ప పోసి, అందులోంచి అందరూ తీసుకోవాలి. ఎవరు తెచ్చింది ఎవరిదో తెలియకుండా కలిసిపోతుంది. పిన్నీసులు చిన్న సైజువి తీసుకోండి. పెద్దవి బరువుకు వంగి తెరుచుకుంటాయి.

తంగేడు పువ్వు

ఇది మా కంపెనీ యాది. తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పువ్వు, బతుకమ్మ కింది వరుసలో పరుచుకునేది కూడా అదే. ఒక్కసారి నిజం పువ్వు పిల్లల చేతికిచ్చి చూడమనండి: ఐదు రేకులు, అంచులు కొద్దిగా ముడతలు పడి ఉంటాయి, మధ్యలోంచి గోధుమ రంగు కేసరాలు వంకర తిరిగి బయటికి వస్తాయి. ఆ ముడతలే మనకు కలిసొచ్చేవి, కుట్టు లాగితే బట్టకు అదే ముడత వస్తుంది.

పసుపు రంగు నూలు బట్ట మీద చిన్న టీ గ్లాసు అడుగు పెట్టి పెన్సిలుతో గీసి, గుండ్రటి ముక్కలు ఐదు కత్తిరించండి. టెర్లిన్ వద్దు, అంచులు పోగులు లేస్తాయి. ఒక ముక్కను సగానికి మడవండి, అర్ధచంద్రం అవుతుంది. మడత ఉన్న తిన్నటి అంచును వదిలేసి, వంపు తిరిగిన అంచు వెంబడి పైకీ కిందికీ టాకాలు వేసుకుంటూ పోవాలి. దారం రెండు పోగులుండాలి, చివర ముడి గట్టిగా ఉండాలి. వంపు చివరికి వచ్చాక దారం తెంపకుండా మెల్లగా లాగితే బట్ట కుచ్చుకుని రేకు అవుతుంది. అదే దారం మీద రెండో ముక్క, మూడోది, అట్లా ఐదూ ఎక్కించాలి. ఇప్పుడు చివరి రేకును మొదటి రేకుకు కలిపి దారం గట్టిగా లాగి రెండు ముళ్లు వేయండి.

పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. ఒక్కో రేకుకు ఒక్కోసారి దారం తెంపేస్తారు, తర్వాత ఐదింటినీ అతికించలేక తిప్పలు పడతారు. ఒకే దారం అని ముందే రెండుసార్లు చెప్పండి.

మధ్యలో చిన్న సందు మిగులుతుంది. గోధుమ రంగు దారం నాలుగు పోగులు మధ్యలో ముడివేసి, ముడిని ఆ సందులో కుట్టి, కొసలను అర సెంటీమీటరు వదిలి కత్తిరించండి. వేలితో కొంచెం వంచితే కేసరాలు. వెనకవైపు సోడా మూతంత బట్ట ముక్క పెట్టి చుట్టూ కుట్టండి. పిన్నీసును, తెరుచుకోని కడ్డీ వైపు, ఆ బట్టకు నాలుగు చోట్ల దారంతో బిగించి కుట్టాలి. ఫెవికాల్‌తో అతికించి వదిలేయకండి. చేతి చెమటకు, సంచిలోని తేమకు రెండో రోజే ఊడి వస్తుంది.

అరచేతి జంపఖానా

వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా స్కూల్లో నేతపని ఇళ్ల పిల్లలు ఉన్నారు, ఈ యాది చేయిద్దామన్నది వాళ్లే. మొదటిసారి చేయించినప్పుడు ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి నా చేతిలోంచి అట్ట తీసుకుని, “టీచర్, పడుగు గింత వదులుంటే పేక ఎట్ల నిలుస్తది?” అని దారమంతా విప్పి మళ్లీ చుట్టింది (పడుగంటే నిలువు దారాలు, పేకంటే అడ్డంగా నేసేది). ఆ రోజు నుంచి ఆ పెట్రోల్‌కు నేర్పేది ఆమెనే. ఇప్పుడు నేను చెప్పేదీ ఆమె చెప్పినదే.

మందపు అట్టను 5 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవు కోయండి. పైన, కింద అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున చిన్న గాట్లు పెట్టండి, ఒక్కో వైపు 9 వస్తాయి. తెల్లటి మందపు నూలు దారం కొసను మొదటి గాటులో బిగించి, ముందువైపు నుంచి కింది గాటుకు, అక్కణ్ణుంచి పక్క గాటు తిప్పి మళ్లీ పైకి, ఇట్లా తొమ్మిదీ నింపండి. అది పడుగు. వేలితో మీటితే టప్పున మోగాలి.

పేకకు రంగు ఊలు. మొద్దు సూదికి ఎక్కించి, ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందినుంచి పోనివ్వండి. తిరిగి వచ్చేటప్పుడు పైవి కిందికి, కిందివి పైకి. ప్రతి రెండు వరుసలకు పాత దువ్వెన పళ్లతో కిందికి ఒత్తాలి, లేకుంటే జల్లెడ లాగా ఉంటుంది. మొదటి రెండు వరుసలు, ఆఖరి రెండు వరుసలు తెల్ల దారంతోనే వేస్తే అంచు నిలుస్తుంది. మధ్యలో మీ ఇష్టం, ఎరుపు నాలుగు, నలుపు రెండు, పసుపు నాలుగు, అడ్డ చారలు ఎట్లా వేసినా జంపఖానా జంపఖానానే.

కొత్తవాళ్లకు నడుము సన్నమవుతుంది. పై అంచు 4 సెంటీమీటర్లుంటే మధ్యలో 3కు వచ్చి డమరుకంలా అవుతుంది. పేకను మలుపు దగ్గర గట్టిగా లాగడం వల్ల అట్లా అవుతుంది. దారాన్ని సమంగా కాకుండా కొంచెం వంపుగా, కొండలా వదిలి తర్వాత దువ్వెనతో కొట్టమని చెప్పండి, సర్దుకుంటుంది.

అయ్యాక గాట్ల దగ్గర పడుగు దారాలు కత్తిరించి రెండేసి కలిపి ముడివేయాలి. తొమ్మిది కనుక ఆఖరున మూడు కలుస్తాయి. ముళ్ల కింద మిగిలిన కొసలే కుచ్చులు. పిన్నీసు పైఅంచుకు వెనకనుంచి కుట్టండి. మొదటిది చేయడానికి 40 నిమిషాలు పట్టవచ్చు, మూడోది వచ్చేసరికి సగం సమయం చాలు.

చీటీ

యాదికి ఒక చిన్న చీటీ కట్టాలి. అందులో అమ్మాయి పేరు, స్కూలు, మండలం, ఏ సంవత్సరం, అది ఏ వస్తువో ఒక వాక్యం. “తంగేడు పువ్వు. మా గుట్ట మీద వాన తర్వాత పూస్తది.” ఇంత చాలు.

ఇంటిపేరు రాయించకండి. మన దగ్గర ఇంటిపేరు వినగానే మీరేమిట్లు, అంటే ఏ కులం అని లెక్క మొదలవుతుంది, పిల్లలకు కూడా తెలుసు. యాది చేసిన అమ్మాయికి ఒక్క పేరు చాలు. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా అసలు వద్దు. చీటీలు కింద పడతాయి, ఎవరి చేతికో పోతాయి. ఆడపిల్లల నంబర్లు అట్లా ఊళ్లు తిరగకూడదు. ఉత్తరం రాసుకోవాలనుకుంటే స్కూలు చిరునామాకు, గైడ్ కెప్టెన్ ద్వారా. దీన్ని తల్లిదండ్రులకు ముందే చెప్పండి, వాళ్ల భయం తీరుతుంది.

చీటీ బాల్ పెన్నుతో రాయించండి, ఇంకు పెన్నుతో కాదు. ఇది నేను బాధపడి నేర్చుకున్నది. మొదటి ఏడు మేం కాగితపు పువ్వులు చేశాం, ఇంకు పెన్నుతో పేర్లు రాశాం, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి సంచుల్లో వేసుకున్నాం. మార్చుకునే వేళ “పోండి, ఇచ్చిపుచ్చుకోండి” అని అందరినీ ఒకేసారి వదిలేశాను. పావుగంటలో మైదానమంతా కేకలు, నవ్వులు. సాయంత్రం లెక్క చూస్తే మా పిల్లల్లో ఒకామె లేదు. బోరింగు వెనక గోడకు ఆనుకుని కూర్చుంది, ఒళ్లో కవరు. నీళ్ల సీసా మూత వదులై ఆమె పువ్వులన్నీ తడిసి ఒక్క ఎర్ర ముద్ద అయిపోయాయి. వేళ్లకు రంగు. ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు తీసుకోకూడదు కదా అని అన్నది. తప్పు ఆ పిల్లది కాదు, నాది. అప్పటినుంచి యాదులు మూత బిగుసుకునే స్టీలు టిఫిన్ డబ్బాలోనే వస్తాయి, అప్పటినుంచే బుట్ట కూడా.

బుట్ట

ప్రతి అమ్మాయి తన పదిహేనులో రెండు బయల్దేరే ముందే ఈ బుట్టలో వేస్తుంది. మార్చుకునే చోట బుట్ట నా పక్కనే ఉంటుంది. తడిసినా, పోయినా, ఇంట్లో పరిస్థితి వల్ల చేయలేకపోయినా, వేరే కంపెనీ వాళ్లకు ఈ సంగతే తెలియక ఉత్త చేతులతో వచ్చినా, ఎవరూ అడగకుండానే బుట్టలోంచి తీసుకుని వరుసలో నిలబడవచ్చు. ఎందుకని అడగకూడదు, పెట్రోల్ లీడర్లకు ఇది గట్టిగా చెప్పి పెట్టండి. బుట్టలోవి చేసినామె పేరుతోనే ఉంటాయి కనుక, “ఇది మా మానస చేసింది, నేను సునీతను” అని చెప్పి ఇస్తారు. ఒక యాదితో ఇద్దరి పేర్లు పోతాయి.

మార్చుకునే రోజు

క్యాంప్‌ఫైర్ రాత్రి పెట్టకండి. చీకట్లో పిన్నీసులు పడిపోతాయి, కాగితం, ఊలు, నిప్పు ఒక్క చోట ఉండకూడదు. చివరి రోజు కూడా వద్దు, స్నేహం మొదలయ్యేసరికి బస్సు వస్తుంది. రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎండ కొంచెం తగ్గాక.

బతుకమ్మ ఆడినట్టు రెండు వలయాలుగా నిలబెట్టండి, లోపలి వాళ్లు బయటికి, బయటి వాళ్లు లోపలికి తిరిగి. ఎదురెదురుగా ఇద్దరు. సగం స్కూళ్ల వాళ్లు లోపల, మిగతా స్కూళ్ల వాళ్లు బయట ఉంటే సొంత గుంపులో మార్చుకోవడం ఉండదు. ముందు ఎడమ చేత్తో కరచాలనం, అది గైడ్స్ అలవాటు కదా. తర్వాత రెండు నిమిషాలు మాట. తర్వాతే యాది. మీరు చప్పట్లు కొట్టినప్పుడు బయటి వలయం ఒక అడుగు కుడికి జరుగుతుంది. పన్నెండు సార్లు.

మాట ఎట్లా మొదలుపెట్టాలో చిన్నవాళ్లకు ముందు ఒకసారి ఆడి చూపించండి. మా పిల్లలు చేసేది ఇట్లా ఉంటుంది:

“నీ పేరేంది అక్కా?”

“అక్కా అంటున్నవ్, ఏ క్లాసు నువ్వు?”

“ఏడు.”

“అయితే చెల్లెవే. ఇగో, ఇది మా ఊరి తంగేడు. నేనే కుట్టిన. వంకర పోయింది చూడు గిక్కడ.”

“ఏం గాదు, మంచిగనే ఉంది. నాది చూడు, జంపఖానా. మా నాయన మగ్గం మీది ఊలే.”

వంకర పోయిందని చెప్పుకోవడం దగ్గరే ఇద్దరూ దగ్గరవుతారు, నేను చాలాసార్లు చూశాను.

కట్టుబాట్లు మూడే చెప్పండి, ఎక్కువ చెప్తే గుర్తుండవు. ఎవరు ఇచ్చినా వద్దనకూడదు, చిన్నదైనా, సరిగ్గా రాకపోయినా. డబ్బు, చాక్లెట్లు, మార్కుల పోటీ ఏదీ దీనిలోకి రాకూడదు. ఒకరు నీకిచ్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. బాగున్న యాదికి బహుమతి ఇద్దామని అతిథిగా వచ్చిన పెద్దలు ఎవరైనా అంటే మర్యాదగా వద్దని చెప్పండి. ఆ మాట విన్న మరుక్షణం పిల్లలు మాట్లాడుకోవడం మానేసి, ఎవరిది గెలుస్తుందో చూసుకుంటారు.

బుల్‌బుల్ పిల్లలు (గైడ్స్ కన్నా చిన్న వయసు వాళ్లు) కూడా ఉంటే వాళ్లకు పిన్నీసు బదులు మెడలో వేసుకునే దారం కట్టండి. చిన్న పూసలు, గింజలు వాడకండి.

దాచుకోవడం

వచ్చిన యాదులను యూనిఫాం మీద పెట్టుకోనివ్వకండి, అక్కడ బ్యాడ్జీలకే చోటు. పాత చున్నీని జానెడు వెడల్పు పట్టీగా కోసి, పైన వెదురు పుల్ల కుట్టి ఒక్కో అమ్మాయి తనకొకటి చేసుకుంటే బాగుంటుంది. క్యాంపులో టెంటు తాడుకు, ఇంటికి పోయాక గోడకు. వానాకాలంలో దించి ఒకసారి ఎండలో వేయాలి, పిన్నీసులు తుప్పు పట్టి బట్టకు మరక అవుతుంది.

ఇంకొక పని మిగిలి ఉంటుంది, దాన్ని ఫిబ్రవరికి పెట్టుకోండి. ఫిబ్రవరి 22 స్కౌట్స్, గైడ్స్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ గారు, ఆయన భార్య ఒలేవ్ గారు ఇద్దరి పుట్టినరోజు. 1926 నుంచి ఆ రోజును ప్రపంచమంతా గైడ్స్ ఒకరినొకరు తలుచుకునే రోజుగా జరుపుకుంటున్నారు. వారం ముందు మీటింగుకు అందరినీ తమ పట్టీలు తెచ్చుకోమనండి. ఒక్కో అమ్మాయి పట్టీ మీదినుంచి ఒక యాది ఎంచుకుని, ఆ చీటీ చదివి, చేసిన అమ్మాయికి పోస్టుకార్డు రాయాలి: నీ జంపఖానా మా ఇంట్లో ఎక్కడుందో, చూసి అమ్మ ఏమన్నదో, వచ్చే క్యాంపుకు వస్తున్నావా అని. పై చిరునామా “గైడ్ కెప్టెన్ గారి ద్వారా” అని మొదలుపెట్టి, స్కూలు, మండలం, జిల్లా, పిన్‌కోడు. కార్డులన్నీ మీరే పోస్టు డబ్బాలో వేయకండి. పిల్లలను వరుసగా తీసుకుపోయి వాళ్ల చేత్తోనే వేయించండి, కొందరికి ఆ ఎర్ర డబ్బాలో చేయి పెట్టడం అదే మొదటిసారి.